నోరు పారేసుకున్నాక

ఆరేడేళ్ళ కిందటి మాట. ఒక కాలేజీలో లెక్చరర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళాను. బల్లకి అవతల నలుగురు మగవాళ్ళు, ఒక పెద్దావిడ. నా సిద్ధాంత గ్రంథం వాళ్ళ ముందే ఉంది. స్త్రీల పాటల మీద అయిదేళ్ళు చేసిన పని అది. మధ్యలో కూర్చున్నాయన అట్ట కూడా తిప్పకుండా, "పాటల మీదా? అయితే ఒకటి పాడండి, విందాం" అన్నాడు. మిగతావాళ్ళు నవ్వారు. నేను పాడాను. పాడకపోతే ఉద్యోగం రాదేమోనని పాడాను. రెండు చరణాలయ్యాక ఆయన చెయ్యెత్తి ఆపి, "గొంతు బావుంది" అన్నాడు. ఆ తర్వాత అడిగినవి రెండే ప్రశ్నలు. పెళ్ళయి ఎన్నాళ్ళయింది, పిల్లలెప్పుడు. ఉద్యోగం ఎలాగూ రాలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, బాత్రూంలో కుళాయి పూర్తిగా తిప్పి, బకెట్ నిండే చప్పుడు చాటున ఆయన్ని తిట్టాను. మొదట "వెధవ" అన్నాను. చాల్లేదు. ఆ తర్వాత నోటికొచ్చినవన్నీ చిన్నప్పుడు మా ఊరి రచ్చబండ దగ్గర చెవిన పడినవి. ఒక్కొక్కటీ సూటిగా ఆయన తల్లి మీదకు పోయింది. ఆ తల్లి ఎవరో నాకు తెలియదు. ఏ ఊళ్ళోనో అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటున్న ముసలావిడ కావచ్చు. ఎప్పుడో పోయి ఉండొచ్చు. ఆమెను నేను పది నిమిషాల సేపు అనరాని మాటలన్నాను. బకెట్ పొర్లిపోయింది. బయటికొచ్చేసరికి, పొద్దుటినుంచి కణతల్లో కొడుతున్న నొప్పి లేదు. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

ఆ అవమానాన్ని ఎప్పుడో మరిచిపోయేదాన్నేమో. ఆ నిద్ర మాత్రం నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతూనే ఉంది.

తిడితే బరువు దిగుతుందా అన్న విషయంలో మన భాషకు రెండు నోళ్ళున్నాయి. "కడుపులో పెట్టుకుని కుమిలిపోకు, కక్కెయ్యి" అంటుంది అమ్మ. అదే అమ్మ "కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది" అని కూడా అంటుంది. మొదటిది గదిలో ఏడుస్తున్న కూతురితో. రెండోది, అత్తింటి సంగతి పక్కింటావిడతో చెప్పబోతున్న కూతురితో. అంటే కక్కుకోవచ్చు, ఎవరూ విననంత వరకు. నేను కుళాయి తిప్పింది కూడా అందుకే కదా.

ఏ.కె. రామానుజన్ 1991లో తెచ్చిన భారతీయ జానపద కథల సంకలనంలో ఒక తమిళ కథ ఉంది. ఒక వితంతువు ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళతో ఉంటుంది. నలుగురూ ఆమెను సతాయిస్తారు. చెప్పుకోవడానికి ఎవరూ లేక అన్నీ లోపలే పెట్టుకుని ఆమె లావెక్కిపోతుంది. లావెక్కిందని కూడా వెక్కిరిస్తారు. ఒకరోజు ఇల్లు వదిలి నడుస్తూ నడుస్తూ, పైకప్పు లేని ఒక పాడుబడిన ఇంట్లోకి వెళ్ళి, ఎదురుగా ఉన్న గోడకు పెద్దకొడుకు పెట్టే బాధ చెప్పుకుంటుంది. ఆ బరువుకు గోడ కూలిపోతుంది. ఈమె కాస్త తేలికపడుతుంది. రెండో గోడకు కోడలి సంగతి, మూడో గోడకు చిన్నకొడుకు సంగతి, నాలుగో గోడకు చిన్నకోడలి సంగతి. నాలుగు గోడలూ కూలాక, ఆ మట్టి మధ్యలో ఆమె మనసూ ఒళ్ళూ రెండూ తేలికై నిలబడుతుంది. కథ అక్కడితో అయిపోతుంది.

క్లాసులో ఈ కథ చెప్పినప్పుడల్లా ఆడపిల్లలు ఊపిరి పీల్చుకుంటారు. ఎవరో ఒకరు మాత్రం "తర్వాత ఆమె ఎక్కడికెళ్ళింది మేడమ్?" అని అడుగుతారు. కథ చెప్పదు. కూలింది ఎవరిదో పాడుపడ్డ ఇల్లు. కొడుకుల ఇంటి గోడలకు బీట కూడా పడలేదు. చీకటి పడితే ఆమె వెళ్ళాల్సింది ఆ ఇంటికే.

అయినా ఆమె తేలికపడిందన్న మాట అబద్ధం కాదు. ఇంగ్లండ్‌లోని కీల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్టీఫెన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2009లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. విద్యార్థుల చేత గడ్డకట్టేంత చల్లని నీళ్ళలో చెయ్యి పెట్టించారు. ఒకసారి బూతుమాట పలుకుతూ, ఇంకోసారి బల్లను వర్ణించే మామూలు మాట పలుకుతూ ఎంతసేపు ఉంచగలరో చూశారు. తిట్టినప్పుడు ఎక్కువసేపు ఉంచగలిగారు, నొప్పి కూడా తక్కువ అనిపించింది, గుండె వేగంగా కొట్టుకుంది. 2011లో చేసిన మరో పరిశోధనలో, రోజంతా బూతులు మాట్లాడేవాళ్ళకు ఈ మేలు తక్కువేనని తేలింది. అరుదుగా తిట్టేవాళ్ళకే తిట్టు బాగా పనిచేస్తుందన్నమాట. నోరెత్తకుండా పెరిగిన ఆడవాళ్ళకు ఇది మందులా పనిచేయాలి. (ఆ మాట నాది, స్టీఫెన్స్‌ది కాదు.)

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది 2020లో వచ్చిన పరిశోధన. ఈసారి కొత్తగా రెండు మాటలు కల్పించారు. వినడానికి తిట్లలాగే ఉంటాయి, నవ్వొస్తాయి కూడా. కానీ ఎవరినీ ఏమీ అనవు. వాటితో నొప్పి తగ్గలేదు. పాత బూతుమాటతోనే తగ్గింది. అంటే మందు ఉన్నది గట్టిగా అరవడంలో కాదు, అనకూడని మాట అనడంలో. ఎవరికీ తగలని మాట మనకూ ఊరట ఇవ్వదు. మనకు ఊరట ఇచ్చే మాట ఎవరికో తగిలే మాటే అయి ఉండాలి. మనస్తత్వ శాస్త్రవేత్తకు ఇది ఒక ఫలితం. నాకు మాత్రం పెద్ద చిక్కు.

పైగా నొప్పి వేరు, కోపం వేరు. అమెరికాలో బ్రాడ్ బుష్‌మన్ 2002లో ప్రచురించిన ప్రయోగంలో, విద్యార్థులు రాసిన వ్యాసాన్ని ఘోరంగా విమర్శించి వాళ్ళకు కోపం తెప్పించారు. (మన పరిశోధక విద్యార్థుల విషయంలో దీనికి వేరే ప్రయోగం అక్కర్లేదు.) విమర్శించినవాణ్ణి తలుచుకుంటూ బాక్సింగ్ సంచీని గుద్దినవాళ్ళ కోపం, ఏమీ చేయకుండా ఊరికే కూర్చున్నవాళ్ళ కోపం కంటే ఎక్కువే ఉంది. గుద్దితే తగ్గుతుందన్న మన నమ్మకం తలకిందులైంది. నా అనుభవం ఈ రెండు ప్రయోగాలకూ సరిపోతుంది. కణతల నొప్పి పోయింది. ఆయన మీద కోపం మాత్రం ఇదిగో, ఇక్కడే ఉంది.

ఇక మాటల సంగతి. ఆ రోజు నా నోటికొచ్చిన మొదటి మాట "వెధవ". తెలుగులో మగవాణ్ణి తిట్టడానికి ఇంతకంటే మామూలు మాట లేదు. తండ్రులు కొడుకుల్నీ, మాస్టార్లు పిల్లల్నీ ముద్దుగా కూడా అంటారు. అది "విధవ". మగవాణ్ణి తిట్టాలన్నా మనకు దొరికింది మొగుడు చచ్చిన ఆడదే. "ముండ" అన్న మాట గుండు నుంచి వచ్చింది. సంస్కృతంలో ముండమంటే గొరిగిన తల. మొగుడు పోయాక జుట్టు తీయించుకోవాల్సి వచ్చిన ఆడవాళ్ళ తల. ముండమోయడమంటే వితంతువు కావడం. అంటే ఒక మనిషికి జరిగిన ఘోరాన్ని ఆమె చేసిన నేరంగా మార్చి తిట్టు చేసుకున్నాం. మిగతావన్నీ "కొడకా" అనో "కొడుకు" అనో ముగుస్తాయి. తిట్టేది కొడుకుని, తగిలేది తల్లికి. నా కుళాయి చాటు తిట్లు కూడా ఇవే. తిట్టు ఆయుధమే అనుకుందాం. పిడి మన చేతిలో ఉన్నా మొన మన వైపే తిరిగి ఉంది.

అయితే ఆడవాళ్ళ తిట్లు వేరే ఉన్నాయి. మా నాయనమ్మ దగ్గర విన్నాను. తెనాలి వైపు మాగాణి ఊరు మాది. నాలుగెకరాలు, భూమి ఉన్న కులం. తాతయ్య చెయ్యి చేసుకునే మనిషి. ఆయన ఎదురుగా నాయనమ్మ నోరు మెదిపేది కాదు. ఆయన పొలం వెళ్ళాక దొడ్లో గేదెతో మొదలుపెట్టేది. పాలు చేపకపోతే గేదెను, అంటుకోకపోతే తడిపిడకల్ని, తర్వాత గోడమీది కాకిని, ఆ తర్వాత పేరు చెప్పకుండా ఎవరినో. నీ జిమ్మడ, నీ మొహం మండ, నీ నోట్లో మన్ను పడ, నీ చేతులు పడిపోను, నీ పాడె కట్ట. తిట్ల దండకం అంటాం కదా, ఊరికే అనలేదు. దానికి నడక ఉంది, ఊపు ఉంది. మెటికలు విరవడం, దుమ్మెత్తి పోయడం దానికి అభినయం. మగవాళ్ళ బూతు ఎదుటివాడి పుట్టుకను, వాడింటి ఆడవాళ్ళ శరీరాలను వర్ణిస్తుంది. ఈ శాపనార్థాలు మన్నునీ నిప్పునీ చావునీ పిలుస్తాయి. వర్ణన లేదు, కోరిక ఉంది. ఏదో జరగాలన్న కోరిక. ఇందులో కొట్టిన చేతిని పట్టుకుని ఆ చేతినే అనే తిట్టు ఉంది చూడండి, అది నాకు ఫిర్యాదు పత్రంలా కనిపిస్తుంది. (వైకల్యాన్ని శిక్షగా కోరే తిట్టు కాబట్టి అదీ నిర్దోషమైనది కాదు.) "నీ తాడు తెగ" అన్నప్పుడు మాత్రం మళ్ళీ ఆడదాని మెడ మీదకే వస్తుంది.

మన సమాజం ఈ నోటికి "గయ్యాళి" అని పేరు పెట్టింది. "తిరిగే కాలు, తిట్టే నోరు ఊరుకోవు" అని సామెత కట్టింది. 1962లో వచ్చిన "గుండమ్మ కథ"లో సూర్యకాంతాన్ని చూసి రాష్ట్రమంతా నవ్వింది. ఆ తర్వాత ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడమే మానేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. తిట్టే ఆడదాన్ని తెరమీద చూసి ఆనందించాం, ఇంట్లో మాత్రం వద్దనుకున్నాం. ఇదంతా నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం అయింది. శాపనార్థాలు స్త్రీల ధిక్కార స్వరమని, పితృస్వామ్యం నొక్కేసిన గొంతు దొడ్లో గేదెల మధ్య బతికిందని రాశాను. నాయనమ్మ ఉదాహరణతో సహా ఒక సెమినార్లో చదివితే చప్పట్లు కొట్టారు.

ఆ రాత్రి హాస్టల్లో నా గదిలోనే ఉండే స్నేహితురాలు దీపం ఆర్పబోతూ అడిగింది. ఆమెదీ మా జిల్లానే, పక్క మండలం. వాళ్ళమ్మ కూలికి వెళ్ళేది.

"మీ నాయనమ్మ గేదెను తిట్టాక ఎవర్ని తిట్టేదో రాయలేదేమే?"

"ఎవర్నీ? పొయ్యిని, కాకిని..."

"ఊడ్పులకొచ్చినవాళ్ళని తిట్టేది కాదా? నిజం చెప్పు."

తిట్టేది. గట్టు మీద నిలబడి, వరస వంకర పోయిందని, ముదుళ్ళు బలంగా నాటడం లేదని, పొద్దెక్కి వచ్చారని తిట్టేది. గేదెను తిట్టిన మాటలు కావవి. వాళ్ళ కులం పేరు పెట్టి తిట్టేది. తాతయ్య కొట్టిన మర్నాడు ఇంకొంచెం ఎక్కువగా తిట్టేదని, అప్పుడు అర్థం కానిది, ఇప్పుడు లెక్క కడితే అర్థమవుతోంది. ఆ మాట నేనిక్కడ రాయను. ముండ అన్న మాట రాయగలిగాను, ఎందుకంటే అది నా మీద పడే మాట. ఇది మా వాకిట్లోంచి బయటికి విసిరిన మాట. 1989లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం పదిమంది ఎదుట కులం పేరుతో అవమానించడం నేరం. నాయనమ్మకు ఆ చట్టం తెలియదు. నాకు తెలుసు. తెలిసీ నేను ఆమె తిట్లలో నాకు పనికొచ్చినవే ఏరుకుని ధిక్కారమని పేరు పెట్టాను.

"మీ తాత మీ నాయనమ్మను కొడితే, ఆ దెబ్బ మా అమ్మ వీపు మీద దిగింది" అంది స్నేహితురాలు. "ఆమెకు ఊరట, మా అమ్మకు ఒళ్ళు మంట. మరి మా అమ్మ ఎవర్ని తిట్టిందో చెప్పనా? నన్ను."

అది చెప్పి ఆమె దీపం ఆర్పేసింది. నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. గోగు శ్యామల సంకలనం చేసిన దళిత స్త్రీల సాహిత్యం "నల్లపొద్దు" 2003లోనే వచ్చింది. నా దగ్గర కొని పెట్టుకున్న ప్రతి ఉంది, అడుగున గీతలు గీసుకుంటూ చదివాను కూడా. అయినా నాయనమ్మను గట్టు మీద నుంచి చూడలేకపోయాను.

తర్వాత మేమిద్దరం దీని మీద చాలాసార్లు పోట్లాడుకున్నాం. ఒకసారి, ఎవరి పుట్టుకనూ కులాన్నీ అవయవాన్నీ తల్లినీ తగలకుండా తిట్లు కల్పిద్దామని కూర్చున్నాం. "నీ కరెంటు పోను", "నీ బస్సు తప్పిపోను", "నీ పెరుగు తోడుకోకపోను" అని కాగితం నిండా రాశాం. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. ఫెలోషిప్ డబ్బులు ఆపిన గుమాస్తా మీద మర్నాడే ప్రయోగించి చూశాం. ఏమీ దిగలేదు. మెస్ గోడ దగ్గర నిలబడి ఆమె పాత మాటే ఒకటి అంది, అప్పుడు దిగింది. 2020 నాటి పరిశోధన చదివినప్పుడు నాకు ఆ కాగితమే గుర్తొచ్చింది.

మరి పాట? పాట ఎవరికీ తగలదు కదా అనిపిస్తుంది. తిట్టు ఎదుటి మనిషిని చూస్తుంది, పాట పక్క మనిషిని చూస్తుంది. ఊడ్పుల్లో ఒకరు అందుకుంటే మిగతావాళ్ళు వంత పాడతారు. హాస్టల్లో వరంగల్ అమ్మాయిలు బతుకమ్మ ఆడేటప్పుడు, అత్తింటి కష్టం చెప్పే చరణం ఒకరు పాడితే, "ఉయ్యాలో" అని ముప్పైమంది ఒకేసారి చప్పట్లు కొట్టేవాళ్ళు. కష్టం ఒకరిది, "ఉయ్యాలో" అందరిదీ. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2015లో ఇలాంటిదే ఒకటి గమనించారు. కొత్తగా చేరిన వయోజనుల తరగతుల్లో, చేతిపనులు నేర్చుకునేవాళ్ళకంటే, రచన నేర్చుకునేవాళ్ళకంటే కలిసి పాడేవాళ్ళు త్వరగా దగ్గరయ్యారట. దీనికి ఆక్స్‌ఫర్డ్ దాకా పోనక్కర్లేదు గాని, రచన కంటే పాట ముందుందన్న మాట నాలాంటివాళ్ళకు కాస్త చురుక్కుమంటుంది.

కానీ మన ఆడవాళ్ళ పాటల్లో తిట్టు లేకుండా పోలేదు. పెళ్ళి బంతిలో మగపెళ్ళివారినీ వియ్యపురాలినీ ఆడిపోసుకునే పాటలు ఉన్నాయి. వినేవాళ్ళు నవ్వాలే తప్ప కోప్పడకూడదు. వెల్చేరు నారాయణరావు 1991 నాటి తన వ్యాసంలో తెలుగు స్త్రీల రామాయణ పాటలను చదివి, అందులో రాముడి వీరత్వం కంటే అంతఃపురంలోని బాధలూ ఈర్ష్యలూ ఎక్కువని చూపించారు. ఆ పాటల్లో "ఊర్మిళాదేవి నిద్ర" నాకు ప్రాణం. పద్నాలుగేళ్ళు నిద్రపోయిన ఊర్మిళ, లక్ష్మణుడు వచ్చి లేపితే గుర్తుపట్టదు. పరాయి మగాడనుకుని చెడామడా తిడుతుంది. పరస్త్రీని ఆశించినవాళ్ళకు ఏం జరిగిందో వరసగా చెప్పి హెచ్చరిస్తుంది. పండితులు దీన్ని పాతివ్రత్యం అన్నారు. నేను అలా అనుకోను. అడవికి పోయి పద్నాలుగేళ్ళకు తిరిగొచ్చిన మొగుణ్ణి ఆ మాటలు అనాలంటే ఒకటే దారి, ఆయన్ని గుర్తుపట్టకపోవడం. ఆ పాట కట్టినవాళ్ళకు ఆ సంగతి బాగా తెలుసని నా నమ్మకం. పాడుకునే ప్రతి ఆడదీ ఆ నాలుగు చరణాల సేపు ఎవరిని తలుచుకునేదో ఎవరూ అడగలేదు.

ఇక్కడ ఒక పాత అనుమానం ఉంది, తీసిపారేయలేనిది. మాక్స్ గ్లక్‌మన్ అనే మానవ శాస్త్రవేత్త 1952లో ఆఫ్రికా తెగల తంతుల గురించి ఉపన్యసిస్తూ, ఏడాదికోసారి రాజును తిట్టనిచ్చే ఆచారాలు రాజరికాన్ని కూల్చవని, నిలబెడతాయని అన్నాడు. పెళ్ళి బంతిలో వియ్యపురాలిని తిట్టిన ఆడవాళ్ళు మర్నాడు అదే ఇంటికి పిల్లను అప్పగించి కళ్ళొత్తుకుంటారు. ఆవిరి పోయింది, కుండ పొయ్యి మీదే ఉంది. నేను ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కాబట్టే ఆ కాలేజీకి మర్నాడు ఒక ఉత్తరం కూడా రాయలేదేమో. నిద్ర పట్టకపోతే రాసేదాన్నా? అదీ చెప్పలేను. నిద్ర లేని రాత్రుల్లో నేను రాసిన ఉత్తరాలు కూడా పెద్దగా లేవు.

అయితే తిట్టు, పాట ఎప్పుడూ ఆవిరిగానే పోవు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఏం జరిగింది? అక్షరాస్యతా ఉద్యమం రాత్రిబడుల్లో ఆడవాళ్ళు కలిసి కూర్చోవడం, కళాజాతా పాటలు వినడం, వాటికి తమ ఇళ్ళ సంగతులు కలపడం మొదలైంది. తాగొచ్చి కొట్టే మొగుణ్ణి ఎవరింట్లో వాళ్ళు తిట్టుకుంటున్న ఆడవాళ్ళు, అవే తిట్లు సారా దుకాణం ముందు నిలబడి తిట్టారు. చీపుళ్ళు, కారప్పొడి పట్టుకుని సారా బండ్లను వెనక్కి పంపారు. రోశమ్మ పేరు ఊరి పేరుతో కలిసి దూబగుంట రోశమ్మ అయింది. ఊరూరా పాకి, సారా వేలం పాటలు ఆగిపోయి, 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. తిట్లు కొత్తవి కావు, పాటలూ పూర్తిగా కొత్తవి కావు. నిలబడిన చోటు మారింది. కుళాయి కట్టేశారు, అంతే. వినాల్సినవాడు విన్నాడు.

ఇది చెబితే నా స్నేహితురాలు ఒప్పుకుంది, సగం. "దుకాణం ముందు తిట్టిన ఆడవాళ్ళలో ఎవరెవరు ఉన్నారో చూడు. కూలి చేసుకునే ఆడవాళ్ళే ఎక్కువ. మీ నాయనమ్మ వెళ్ళి ఉండేదా?" అంది. వెళ్ళి ఉండేది కాదు. పరువు.

నాయనమ్మ 2008లో పోయింది. అప్పటికి నేను డిగ్రీలో ఉన్నాను. వాకిట్లో పడుకోబెట్టారు. ఇంటి ఆడవాళ్ళం ఏడ్చాం గాని, మా ఏడుపుకు మాటలు లేవు. చదువుకున్నవాళ్ళం, చేతిరుమాళ్ళు అడ్డం పెట్టుకుని ఏడ్చాం. పెద్దత్తయ్య ఒకటి రెండు మాటలు రాగం తీయబోయి, పట్నం కోడళ్ళు చూస్తున్నారని ఆపేసింది. "రాగాలు తీస్తోంది" అన్నది మనకు వెక్కిరింత అయిపోయింది కదా. అప్పుడు పల్లె నుంచి ఒకామె వచ్చింది. నాయనమ్మ చేలో నలభై ఏళ్ళు ఊడ్పులు ఊడ్చిన మనిషి. వాకిట్లోకి రాలేదు, ప్రహరీ బయట వేపచెట్టు కింద కూలబడి కొంగు నడుముకు చుట్టుకుని అందుకుంది.

అది పాటో ఏడుపో చెప్పలేను. నాయనమ్మ పెట్టిన చద్దన్నం చెప్పింది, పురుడొచ్చినప్పుడు ఇచ్చిన పాతచీర చెప్పింది. అదే రాగంలో, గొంతు ఏమాత్రం మార్చకుండా, గట్టు మీద నుంచి అన్న మాటలు చెప్పింది. ఏ ఏడు, ఏ చేను, ఏ మాట అన్నావమ్మగోరో అని ఒక్కొక్కటే చెప్పింది. ఆ మాటలన్నీ ఇప్పుడెవరు అంటారమ్మా, ఎవరితో అనిపించుకోనమ్మా అంది. ఆ కులం మాట కూడా ఉన్నదున్నట్టు రాగంలో పెట్టింది. వాకిట్లో ఉన్న మా బంధువులంతా విన్నారు. బాబాయి ఒకసారి తల తిప్పి చూశాడు. కానీ శవం దగ్గర ఏడ్చేదాన్ని ఆపే ఆచారం లేదు. ఆమె ఏడుపు పూర్తయ్యేదాకా అందరూ తలలు దించుకుని కూర్చున్నారు. నాకైతే ఒళ్ళు జలదరించింది. ఆ తర్వాతే కదా నేను పాటల మీద పరిశోధన చేయాలనుకున్నది. గ్రంథంలో ఆ ఏడుపును ఉత్తమ శోకగీతమని రెండు పేజీలు రాశాను. ఆ మాటను మాత్రం చుక్కలు పెట్టి వదిలేశాను.

స్నేహితురాలికి ఇదంతా చెప్పాను. ఈసారైనా తిట్టు తిరిగి వెళ్ళాల్సిన వాకిట్లోకే వెళ్ళిందని, పాటే దారి ఇచ్చిందని, ఆమె మనసు తేలికపడి ఉంటుందని అన్నాను. నేనేమో ఇంటర్వ్యూలో వాళ్ళు పాడమంటే వాళ్ళు అడిగిన పాటే పాడి వచ్చాను, ఆమె చూడు ఎలా పాడిందో అన్నాను. స్నేహితురాలు అంతా విని, "ఆమె తనంతట తను వచ్చిందా, పిలిపించారా?" అని అడిగింది.

నాకు తెలియదు. ఇన్నేళ్ళలో అడగాలని తోచలేదు. అమ్మకు ఫోన్ చేశాను. అమ్మకు మొదట ఎవరి గురించో తెలియలేదు, వేపచెట్టు అన్నాక గుర్తొచ్చింది.

"కబురు పెట్టాం" అంది అమ్మ. "మీ తాతయ్య పోయినప్పుడూ ఆమే ఏడ్చింది. ఆమెది గొంతు బావుంటుంది కదా."